భోజనం పెడతాం, సంతకం పెట్టం

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చిన విదేశీయులు కనిపిస్తే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "మా ఊరు ఎలా ఉంది?" వాళ్ల జవాబు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. మనుషులు చాలా మంచివాళ్లు, బిర్యానీ బాగుంది, రోడ్డు దాటాలంటే మాత్రం భయం. ఆ జవాబు విని అందరూ సంతోషిస్తారు. నాకు మాత్రం అది సరిపోదు.

తార్నాకలో మా మేడ మీద రెండు గదుల పోర్షన్ ఉంది. చాలా ఏళ్లుగా దాన్ని విదేశీ విద్యార్థులకే కిరాయికి ఇస్తున్నాం. వాళ్లు దిగిన వారంలో చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. ఆర్నెల్లు గడిచి, మొహమాటం పోయాక, మా వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని చెప్పే మాటలు వేరు. మొదటి రోజుల్లో తాము నిజంగా ఏం చూశారో, ఏది మనసుకి గుచ్చుకుందో అప్పుడు చెబుతారు. అవి విని విని నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషిని అతిథిగా చూడటంలో మనకి సాటి లేదు. పొరుగు మనిషిగా చూడటం మాత్రం మనకి ఇంకా చేతకాలేదు. ఆ సంగతి వాళ్లకి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. మర్యాద కొద్దీ పైకి అనరు.

తార్నాక గురించి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. ఒక పక్క 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ. ఇంకో పక్క ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ. అది 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, తర్వాత సీఫెల్ అయి, ఇప్పుడు ఈ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఇక్కడే. కొంచెం ముందుకెళితే హబ్సిగూడ వైపు సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు. వెనక లాలాగూడ రైల్వే క్వార్టర్లు. నేను రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, మేం ఇక్కడ ఇల్లు కట్టుకోవడానికి అదే కారణం. భారత ప్రభుత్వం ఇచ్చే ఐసీసీఆర్ స్కాలర్‌షిప్పుల మీద కొందరు, సొంత ఖర్చుతో కొందరు ఆఫ్రికా నుంచి, అరబ్ దేశాల నుంచి, మధ్య ఆసియా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వస్తారు. హాస్టల్లో చోటు దొరకనివాళ్లు, తమ వంట తాము చేసుకోవాలనుకునేవాళ్లు, భార్యాపిల్లలతో వచ్చినవాళ్లు మా వీధుల్లో టు-లెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరుగుతారు. నగరం గురించి వాళ్ల మొదటి అభిప్రాయం చార్మినార్ దగ్గర పుట్టదు. ఆ బోర్డుల కింద, గేటు తీసిన మనిషి ముఖంలో పుడుతుంది.

కొత్త కళ్లకి ఏం కనబడుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఇఫ్లూలో చదవడానికి హనోయి నుంచి వచ్చిన ఒకమ్మాయి మా దగ్గర ఉండేది. బండ్ల మధ్యలోంచి రోడ్డు దాటడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు, ట్రాఫిక్ గురించి ఒక్క మాట అనలేదు. ఆమె నన్ను అడిగింది ఇది: "ఆంటీ, రాత్రి ఏడు దాటాక ఇక్కడి ఆడవాళ్లంతా ఎక్కడికి వెళ్తారు?" వాళ్ల ఊళ్లో సందు మొదట్లో చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసుకుని ఆడవాళ్లు పొద్దుపోయేదాకా కూర్చుంటారట. నూడుల్స్ అమ్మేదీ వాళ్లే, తింటూ కబుర్లు చెప్పుకునేదీ వాళ్లే. ఇక్కడ చాయ్ బండి దగ్గర, పాన్ డబ్బా దగ్గర, మిర్చి బజ్జీల దగ్గర అందరూ మగవాళ్లే కనిపిస్తున్నారు అంది. మర్నాడు సాయంత్రం నేను పనిగట్టుకుని చూశాను. ఆడవాళ్లు ఉన్నారు. ట్యూషన్ నుంచి పిల్లల్ని తెచ్చుకుంటూ, కూరగాయల సంచి పట్టుకుని, గుడికి వెళ్తూ. అందరూ నడుస్తున్నారు, ఎవరూ ఆగడం లేదు. మూల మీద జొన్న రొట్టెలు కాల్చే ఆమె తప్ప కూర్చున్న ఆడమనిషి లేదు. నా వయసంతా ఇక్కడే గడిచింది. మా వీధి గురించి ఇంత నిజమైన మాట నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మొదట్లో ఏం చూశారని అడిగి మరీ వింటున్నాను. కుక్కల గురించి అందరూ చెబుతారు. రాత్రి లైబ్రరీ నుంచి వస్తుంటే సందులో కుక్కలు గుంపుగా మీదికి రావడం వాళ్లలో చాలామందికి ఇక్కడి మొదటి భయం. హారన్ మోత గురించి చెబుతారు. పెళ్లయిందా, నాన్న ఏం చేస్తాడు, నెలకి ఎంత ఖర్చవుతుంది అని ముక్కూమొహం తెలియనివాళ్లు అడగడం గురించి చెబుతారు. ఈ చివరిది అందరినీ బాధపెట్టదు. సూడాన్, యెమెన్ పిల్లలకి అది తమ ఊరి పద్ధతిలాగే అనిపించిందట. జర్మనీ నుంచి పరిశోధనకి వచ్చినామె మాత్రం మొదట్లో బయటికి రావడానికే జంకింది.

నీళ్ల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మనకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో పడతాయి, మోటారు వేస్తే ట్యాంకు ఎక్కుతాయి. వాడుకకి బోరు నీళ్లు, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్. ఇది మనకి ఎంత మామూలంటే, ఎవరికైనా చెప్పాల్సిన విషయమని కూడా తోచదు. పక్క వీధిలో ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన జంట వంటగది పంపు నీళ్లు పట్టుకుని తాగేశారు. వారం లోపలే ఇద్దరికీ వాంతులు, విరేచనాలు. సంగతి తెలియగానే చుట్టుపక్కల ఇళ్లన్నీ కదిలాయి. ఒకరు మజ్జిగ, ఒకరు మెత్తగా వండిన అన్నం, ఒకరు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఒకాయన తన కారులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ జంట ఈరోజుకీ ఆ ప్రేమని తలుచుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ దిగిన రోజు ఓనరు ఐదు నిమిషాలు నిలబడి ఏ పంపులో ఏ నీళ్లు వస్తాయో చెప్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. కొత్త అల్లుడికి జరిగే మర్యాదలన్నీ వాళ్లకి జరిగాయి. ఇంటి సంగతులు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అతిథికీ పొరుగు మనిషికీ తేడా ఇదే అంటాను. అతిథికి కావలసింది మనం ఊహించి ఇస్తాం. పొరుగు మనిషి తనకి కావలసింది అడుగుతాడు, మనం జవాబు చెప్పాలి. అతిథి ఫిర్యాదు చేయకూడదు, పొరుగువాడు చేయొచ్చు. అతిథి ఏదో ఒక రోజు వెళ్లిపోతాడన్న నమ్మకం మీదే ఆ మర్యాదంతా నడుస్తుంది.

ఇక సంతకం సంగతి. ఇళ్లు కిరాయికి ఇచ్చేవాళ్లకే ఇది సరిగా తెలియదు కాబట్టి విడమరిచి చెప్తాను. ఆరు నెలలకి మించిన వీసా మీద వచ్చిన విదేశీ విద్యార్థి దేశంలో అడుగుపెట్టిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ, దగ్గర నమోదు చేసుకోవాలి. 2018 నుంచి ఆ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. యూనివర్సిటీ ఇచ్చే బోనఫైడ్‌తో పాటు ఎక్కడ ఉంటున్నారో చూపించే కాగితం కావాలి. అంటే కిరాయి అగ్రిమెంటు, లేదా ఇంటి ఓనరు పంపిన ఫారం (ఫారం సి అన్నది దాని పాత పేరు). విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఆ వివరాలు పంపాల్సిన బాధ్యత ఓనరుదే. హోటళ్లకే అనుకుంటారు చాలామంది, మనలాంటి మేడమీద పోర్షన్లకీ అది వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. ఈ బాధ్యత అందులోనూ ఉంది.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుంది? నమోదు ఆగిపోతుంది. అడ్రస్ ప్రూఫ్ లేదని బ్యాంకు ఖాతా తెరవరు. ఖాతా లేకపోతే ఫోన్‌లో మామూలు యూపీఐ పనిచేయదు. ఇప్పుడు మా వీధిలో ఇస్త్రీ బండికి కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. కొత్తిమీర కట్ట కోసం ఐదు వందల నోటు చాపితే చిల్లర లేదంటారు. ఆటో యాప్, గ్యాస్, ఇంటర్నెట్, అన్నీ ఓటీపీ అడుగుతాయి, అన్నీ ఆ ఒక్క కాగితం దగ్గరే ఆగుతాయి. కొత్త దేశంలో మొదటి నెల ఎలా గడుస్తుందన్నది చాలావరకు ఓనరు సంతకం మీద ఆధారపడి ఉంటుంది.

మన ఓనర్లు ఆ సంతకం పెట్టరు. భోజనానికి పిలుస్తారు. ఉగాదికి పచ్చడి పంపిస్తారు, దసరాకి జమ్మి ఆకు చేతిలో పెడతారు, బతుకమ్మకి పక్కింటి అమ్మాయి చీర కట్టిస్తుంది. అగ్రిమెంటు అడిగితే మాత్రం, "అంత నమ్మకం లేదా బాబూ, మేమంతా ఉన్నాం కదా" అంటారు. కారణాలు నాకు తెలుసు, చాలామంది నాతోనే చెప్పారు. కిరాయి ఆదాయం కాగితం మీదికి వస్తుందని కొందరికి. ఇంటి పన్ను పెరుగుతుందని కొందరికి. పోలీసులు ఇంటికి వస్తారేమోనన్న టెన్షన్ ఎక్కువమందికి. నిజానికి చేయాల్సింది ఎంత? 11 నెలల అగ్రిమెంటు, స్టాంప్ పేపరు మీద, నోటరీతో. రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న లెక్కతో అందరూ 11 అని రాస్తారు. ఫారానికి ఆన్‌లైన్‌లో ఓనరు పేరు మీద ఒకసారి ఖాతా తెరవాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు నింపి ఫోటో జతచేస్తే అరగంట పని, రూపాయి ఖర్చు లేదు. నా ఉద్యోగం మొత్తం ఫారాలతోనే గడిచింది. కాగితం మనిషికి ఎంత ధైర్యం ఇస్తుందో పెన్షన్ ఫైళ్ల దగ్గర కళ్లారా చూశాను. అందుకే ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

రంగు మాట కూడా చెప్పి తీరాలి. అందరు విదేశీయులకీ ఒకే రకం మొదటి అనుభవం ఎదురవదు. జర్మనీ ఆమె ఇల్లు వెతుక్కున్నప్పుడు నలుగురు ఓనర్లు పోటీపడ్డారు, పిల్లలు వచ్చి సెల్ఫీలు దిగారు. ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లలకి అదే వీధిలో, అదే బోర్డు కింద, "ఇప్పుడే ఇచ్చేశాం" అనే జవాబు వస్తుంది. మర్నాడు చూస్తే బోర్డు అక్కడే ఉంటుంది. ఇచ్చినా, మన పిల్లలకి రెండు నెలల అడ్వాన్స్ అయితే వాళ్లకి ఐదారు నెలలది, కిరాయి కూడా ఎక్కువ. "ఫారినర్లకి ఇస్తాం" అని చెప్పే ఓనరు మనసులో ఉన్న ఫారినర్ తెల్లగా ఉంటాడు. ఇది అవమానం. ఇంకో పేరు పెట్టి తేలిక చేయలేం. సూడాన్ అబ్బాయి మా ఇంట్లో దిగిన నెలకి కాలనీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, "మీకెందుకమ్మా ఈ లొల్లి, రేపు ఏదన్నా అయితే ఎవరు చూస్తారు" అన్నాడు. ఏం చేశాడని అడిగాను. ఏమీ చేయలేదు, కానీ వాళ్లు అంతే కదా అన్నాడు. ఎవరు వాళ్లు, అని అడిగితే జవాబు లేదు.

ఆ అబ్బాయి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఓమ్‌దుర్మాన్ నుంచి వచ్చాడు, ఓయూలో కామర్స్ పీజీ. ఇక్కడికి వచ్చిన కొత్తలో మూల మీద రొట్టెలామె దగ్గర జొన్న రొట్టె తిని మెట్లెక్కుతూనే నాతో చెప్పాడు, ఇది మా ఇంటి రుచి అని. వాళ్లు జొన్న పిండిని పులియబెట్టి పల్చగా పరిచి కాలుస్తారు, కిస్రా అంటారు. మన తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా తిన్న జొన్నకి పుట్టిల్లు ఆఫ్రికానే. తూర్పు సూడాన్‌లో దొరికిన ఐదు వేల ఏళ్ల నాటి కుండ పెంకుల్లో సాగు జొన్న గింజల అచ్చులు కనిపించాయి. ఇక్కడికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో, పటాన్‌చెరులో, 1972లో పెట్టిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పనిచేసే ముఖ్యమైన పంటల్లో జొన్న ఒకటి. ఈ సంగతి నేను కాలనీలో ఆడవాళ్లందరికీ చెప్పాను. ఎంత ముచ్చటపడ్డారో! ఒకామె అతన్ని పిలిచి రొట్టె, అంకాపూర్ కోడికూర వండి పెట్టింది. ఆమె ఇంట్లోనే కింది పోర్షన్ ఖాళీగా ఉంది. ఇతని స్నేహితుడు ఇల్లు వెతుక్కుంటున్నాడు, ఇవ్వొచ్చు కదా అక్కా అన్నాను. "మా ఆయన ఒప్పుకోడు" అంది. ముచ్చట ఎంత దూరం వస్తుందో నాకు అప్పుడు అర్థమైంది.

2023 ఏప్రిల్ 15న సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. ఫోన్లు కలవవు. ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది. తల్లిదండ్రులు పోర్ట్ సూడాన్ చేరారని తెలిసేసరికి పిల్లాడు సగమయ్యాడు. కాలనీవాళ్లు మళ్లీ బాగా చూసుకున్నారు. బియ్యం ఇచ్చారు, ఒక రిటైర్డ్ మాస్టారు ఫీజుకి డబ్బిచ్చి రాసుకోలేదు. కానీ ఆ రోజుల్లో సూడాన్ పిల్లలందరికీ అన్నిటికన్నా ముఖ్యం వీసా పొడిగింపు. వెనక్కి వెళ్లడానికి ఊరు లేదు, ఇక్కడ ఉండటానికి గడువు దగ్గరపడుతోంది. మా మేడ మీది అబ్బాయికి కాగితాలన్నీ ఉన్నాయి, పని జరిగింది. అతని స్నేహితుడు ఎలాగో ఒక గదిలో అగ్రిమెంటు లేకుండా ఉంటున్నాడు. ఓనరు, "ముందు వీసా పొడిగింపు తెచ్చుకో, తర్వాత అగ్రిమెంటు చూద్దాం" అన్నాడు. పొడిగింపుకి వెళ్తే ముందు అడ్రస్ ప్రూఫ్ తెమ్మన్నారు. ఆ ఓనరు చెడ్డవాడు కాదు. రంజాన్‌లో ఆ కుర్రాడికి ఇఫ్తార్‌కి పండ్లు పంపిన మనిషి. వెళ్లిపోయేవాడికి ఎంతైనా పెట్టగలడు, వెళ్లలేనివాడిని చూసి భయపడ్డాడు.

చివరికి ఆ కుర్రాడు టోలీచౌకికి మారాడు. అక్కడ, పారామౌంట్ కాలనీ చుట్టుపక్కల, సోమాలియా, సూడాన్, యెమెన్ వాళ్లు చాలామంది ఉంటారు. అరబ్బీలో రాసిన బోర్డులు, మండీ హోటళ్లు, ఆఫ్రికా వాళ్ల జడలు అల్లే సెలూన్లు. కిరాయికి ఇచ్చేవాళ్లకి ఈ కాగితాల పని అలవాటే. అక్కడి ఓనరు భోజనానికి పిలవలేదు. పాస్‌పోర్టు జిరాక్సు, రెండు ఫోటోలు తీసుకున్నాడు. నీళ్లు ఎప్పుడు వస్తాయో, చెత్త బండి ఎన్నింటికి వస్తుందో, బండి ఎక్కడ పెట్టకూడదో చెప్పాడు. అగ్రిమెంటు చేతిలో పెట్టాడు. "ఆయన నవ్వలేదు కూడా ఆంటీ. కానీ ఆ రాత్రి బాగా నిద్రపట్టింది" అన్నాడు ఆ కుర్రాడు. మా తార్నాక, చదువుకున్నవాళ్ల కాలనీ, యూనివర్సిటీ పక్కన ఉండి ఇవ్వలేనిది టోలీచౌకి ఇచ్చింది.

పాత హైదరాబాద్‌కి ఈ పని బాగా తెలుసు. 1591లో కట్టిన ఈ నగరానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. కులీ కుతుబ్ షా ఆయన్ని ఇంటికి పిలిచి విందు పెట్టి పంపించలేదు, పీష్వా, అంటే ప్రధానమంత్రి, పదవి ఇచ్చి నగరం కట్టమన్నాడు. యెమెన్ హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో చేరారు, పాతబస్తీ వైపు బార్కాస్‌లో వాళ్ల వారసులు ఈరోజుకీ ఉన్నారు. ఏసీ గార్డ్స్ అనే పేటలో నిజాం గుర్రపు దళం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉండేవారు. వనపర్తి సంస్థానం నుంచి నిజాంకి చేరిన ఆ సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ల, కుటుంబాలు దళం రద్దయ్యాక కూడా అక్కడే ఉండిపోయాయి. ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ 1798లో చనిపోతే మలక్‌పేట దగ్గర గుట్ట మీద సమాధి కట్టారు. ఇరానీలు హోటళ్లు పెట్టి ఊరంతటికీ చాయ్ తాగించారు. ఇదంతా రాజుల దయ అని నేను అనను. సిద్దీలు బానిసత్వం నీడలో వచ్చారు. 1948 తర్వాత అరబ్బుల్లో చాలామందిని వెనక్కి పంపించారు. కానీ ఒకటి గమనించండి. ఇక్కడ వేళ్లూనుకున్నవాళ్లందరికీ ఒక ఉద్యోగమో, జీతం రిజిస్టరులో పేరో, దుకాణమో ఉంది. వాళ్లని ఇక్కడివాళ్లని చేసింది మన ఆతిథ్యం అని చెప్పుకుంటాం. రిజిస్టరులో రాసిన పేరు అంతకన్నా పెద్ద పని చేసిందని నా నమ్మకం.

నాతో వాదించేవాళ్ల మాట కూడా తీసిపారేయను. వీసా గడువు దాటి దాక్కున్నవాళ్లు ఉన్నారు, మత్తుమందుల కేసుల్లో పట్టుబడ్డవాళ్లు ఉన్నారు, పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్ల భయం నాకు తెలుసు. కానీ ఆ భయానికి మందు కూడా ఆ కాగితమే. నమోదైన మనిషి ఎవరో, ఎక్కడ చదువుతున్నాడో, ఎప్పటిదాకా ఉండొచ్చో ప్రభుత్వానికి తెలుసు. అగ్రిమెంటు లేకుండా ఎక్కువ కిరాయి తీసుకుని గది ఇచ్చే ఓనరే అసలు దాక్కోవాలనుకునేవాడికి చోటు చూపిస్తున్నాడు. రాత్రి పొద్దుపోయేదాకా పాటలు పెడితే, వెళ్లి తలుపు కొట్టి తగ్గించమని చెప్పొచ్చు. మన ఇంటి పక్క కుర్రాళ్లకి అలాగే చెప్తాం కదా. వెనకాల కమిటీకి చెప్పి ఖాళీ చేయించడం, ముందు నవ్వుతూ పలకరించడం, ఈ రెండూ కలిపి చేయడం మాత్రం నేను ఒప్పుకోను.

నా పక్షం వహించేవాళ్లు చెప్పే ఒక మాట కూడా నాకు నచ్చదు. మన పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు కాబట్టి మనం వీళ్లని బాగా చూడాలి అంటారు. మా అబ్బాయీ డాలస్‌లోనే ఉన్నాడు. వాడికి మొదటి అపార్ట్‌మెంట్ ఎలా దొరికిందో, లీజు కాగితం చేతికొచ్చిన రోజు వాడి గొంతులో ఎంత ధీమా వినిపించిందో నాకు గుర్తుంది. అయినా ఆ వాదన ఒక బేరం. మన పిల్లలు వెళ్లే దేశాలవాళ్లకే అది పనికొస్తుంది. సూడాన్‌కి మన పిల్లలెవరూ ఎంఎస్ చేయడానికి వెళ్లరు. మరి ఓమ్‌దుర్మాన్ అబ్బాయికి ఏ లెక్కన ఇల్లు ఇవ్వాలి? నెల నెలా కిరాయి కడతాడు, పద్ధతిగా ఉంటాడు. ఆ లెక్క చాలు.

నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు టవర్లలో ఉండే విదేశీయుల సంగతి నాకు తక్కువ తెలుసు. కంపెనీ ఇల్లు చూస్తుంది, కంపెనీ కాగితాలు చేస్తుంది. ఒకాయన్ని మా బంధువుల ఇంట్లో కలిశాను. గేటు దగ్గర యాప్‌లో పేరు కొట్టకుండా ఎవరూ లోపలికి రాలేరని, అందుకే తన వీధి ఎలా ఉంటుందో తనకి తెలియదని చెప్పాడు. ఆయన మాటల్లో వీధి లేకపోవడమే పెద్ద విషయంగా తోచింది నాకు.

మా కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్‌కి నేను రాసిచ్చిన కాగితంలో పెద్ద కోరికలు లేవు. విదేశీయులకి ఇల్లు ఇచ్చే ప్రతి ఓనరూ అగ్రిమెంటు కాపీ ఇవ్వాలి, ఫారం అదే రోజు పంపాలి. చేయడం రానివాళ్లకి నేను వచ్చి చేసిపెడతాను. నీళ్ల వేళలు, చెత్త బండి, కరెంటు ఆఫీసు, దగ్గర్లో డాక్టరు, కుక్కల గురించి ఎవరికి ఫోన్ చేయాలి, బోనాలకీ గణేష్ నవరాత్రులకీ మైకులు ఎన్ని రోజులు మోగుతాయి, ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసి దిగిన రోజే చేతికివ్వాలి. అడ్వాన్స్ అందరికీ ఒకటే ఉండాలి. కిరాయికి ఉన్నవాళ్లని, ఏ దేశం వాళ్లయినా, నెల మీటింగుకి పిలవాలి, మాట్లాడనివ్వాలి.

మొదటి మూడింటికీ పెద్దగా అభ్యంతరం రాలేదు. మీటింగు దగ్గరే ఆగింది. వాళ్లు మూడేళ్లుండి పోయేవాళ్లు, కాలనీ విషయాలు వాళ్లకెందుకని సెక్రటరీ గారు అన్నారు. హనోయి అమ్మాయి వేసిన ప్రశ్న ఆయనకి చెప్పాను. మూల మీద రెండు సిమెంటు బెంచీలు, ఒక మంచి లైటు వేయిస్తే సాయంత్రం ఆడవాళ్లు కూర్చుంటారని, ఆ ఆలోచన ఆ అమ్మాయి చెప్పిందాని వల్లే వచ్చిందని అన్నాను. బెంచీలకి ఒప్పుకున్నారు, ఈ నెలలో వేయిస్తారట. మీటింగు సంగతి వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతామన్నారు. నేను వెళ్తాను. ఇప్పుడు మేడ మీద ఉంటున్న యెమెన్ దంపతుల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్తాను. ఆమెకి మా సందులో వీధి దీపాల గురించి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.